నువ్వూ... తెరుచుకో!

మూసి ఉన్న తలుపు ముందు నిలబడి, చెయ్యి జాపి, కళ్ళు పెద్దవి చేసి మంత్రం చదివిన అనుభవం మీలో ఎంతమందికుంది? సిగ్గుపడకండి. నాకుంది. మా ఇంట్లో ఒక చీకటి కొట్టుగది ఉండేది. బెల్లం దిమ్మలూ, చింతపండు కుండలూ, నువ్వుండల డబ్బా అన్నీ అందులోనే. తాళంచెవి మాత్రం మా నాయనమ్మ బొడ్లో. 1970లో విఠలాచార్యగారి "ఆలీబాబా 40 దొంగలు" విడుదలయింది. రామారావుగారు ఆలీబాబా, జయలలిత కథానాయిక. మా శృంగవరపుకోటకి ఆ బొమ్మ వచ్చేసరికి నాకు తొమ్మిదో పదో ఏళ్ళు. నేల టిక్కెట్టు కొనుక్కుని ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. కొండ ముందు నిలబడి నాలుగు ముక్కలు అనడమేమిటి, అంత బండా పక్కకి జరగడమేమిటి! మర్నాటినుంచి కొట్టుగది ముందు నేనూ మా తమ్ముడూ తపస్సే తపస్సు. తలుపు కదల్లేదు గాని మా నాయనమ్మ వచ్చింది. ఇద్దరి వీపులమీదా చెరొకటి వేసి, తాళం తీసి, చెరొక నువ్వుండా చేతిలో పెట్టింది.

ఆ నువ్వుండకీ మేము చదివిన మంత్రానికీ చుట్టరికం ఉందని అప్పుడు తెలీదు!

హైస్కూల్లో మా ఇంగ్లీషు మాష్టారు ఒకరోజు పాఠం మధ్యలో "ఓపెన్ సెసేమ్" అన్న మాట ఎత్తారు. ఎంతటి మూసిన తలుపునైనా చిటికెలో తెరిపించే ఉపాయాన్ని ఇంగ్లీషువాళ్ళు అలా అంటారర్రా అని చెప్పి, "ఇంతకీ సెసేమ్ అంటే ఏమిటి?" అని అడిగారు. అందరం దిక్కులు చూశాం. ఆయనే, ముందు బెంచీవైపు చూస్తూ "నువ్వు" అన్నారు. ఆ బెంచీలో కూర్చున్న బక్క కుర్రాడు గజగజలాడుతూ లేచి నిలబడ్డాడు, "నేనాండీ?" అని.

"నువ్వు కాదురా... నువ్వు!" అన్నారు మాష్టారు.

క్లాసంతా గొల్లుమంది. చివరికాయన నల్లబల్లమీద నువ్వుమొక్క బొమ్మ వేసి, కింద "సెసేమ్" అని రాసేదాకా ఎవరికీ అర్థం కాలేదు. హిందీ సినిమావాళ్ళ "ఖుల్ జా సిమ్ సిమ్" కూడా అదే. సిమ్‌సిమ్ అంటే అరబ్బీలో నువ్వులు. అంటే ఆలీబాబా కొండముందు నిలబడి అన్నది "నువ్వుగింజా, తెరుచుకో" అని. ఇంత చిన్న గింజకి అంత పెద్ద బండ ఎందుకు లోబడిందీ అన్నది మాష్టారు చెప్పలేదు. బెల్లు కొట్టేశారు.

నేను తర్వాత అక్కడా ఇక్కడా చదివి తెలుసుకున్నది మీకు చెబుతాను. ఆలీబాబా కథ అరేబియన్ నైట్స్‌లోదని అందరం అనుకుంటాం. నిజానికి దాని పాత అరబ్బీ ప్రతి ఒక్కటీ దొరకలేదు. 1709లో, సిరియాలోని అలెప్పో నుంచి పారిస్ వచ్చిన హన్నా దియాబ్ అనే కుర్రాడు, ఆంత్వాన్ గలాన్ అనే ఫ్రెంచి పండితుడికి ఆ కథ నోటితో చెప్పాడు. అల్లావుద్దీన్ కథ చెప్పిందీ అతనే. గలాన్ తన డైరీలో రాసుకున్నాడు, తర్వాత కథగా పెంచాడు. ఆయన 1715లో పోయాడు. ఆలీబాబా కథ ఉన్న సంపుటం 1717లో అచ్చయింది. అందులో హన్నా పేరు లేదు. మన భాషలో చెప్పాలంటే కథ అతనిది, టైటిల్స్‌లో పేరు మాత్రం పడలేదు! కోడంబాకంలో నేను చూసిన కథలకేం తీసిపోదు ఇది. అతని స్వీయచరిత్ర వాటికన్ గ్రంథాలయంలో పడి ఉందని 1993లో గాని పండితులు పోల్చుకోలేదు. ఆ ఫ్రెంచి పుస్తకంలోంచి ఇంగ్లీషులోకీ, ఇంగ్లీషులోంచి ప్రపంచంలోకీ వచ్చింది మన "ఓపెన్ సెసేమ్".

ఇక నువ్వులే ఎందుకంటే, ఒకరొకటంటారు. మంత్రాల్లో నువ్వులకి స్థానం ఉందన్నారు కొందరు. మనకీ కొత్త కాదు కదా, తిలలు లేకుండా తర్పణం ఉందా! ఎక్కువమంది చెప్పేది మాత్రం మా నాయనమ్మకి ఏ పుస్తకమూ చదవకుండానే తెలుసు. నువ్వుకాయ పండితే దానంతటదే నోరు తెరుస్తుంది. గింజలు రాలిపోతాయి. అందుకే మా వైపు కాయ పూర్తిగా ఎండకముందే కోసి, కట్టలు కట్టి నిలబెడతారు. ఎండాక తలకిందులు చేసి దులిపితే గలగలా రాలతాయి. అంత బిగువుగా మూసుకున్న కాయ, వేళ వస్తే, చెయ్యి తగిలితే చాలు తెరుచుకుంటుంది. ఇంకొకటుంది. మనం వంటకి వాడేదాన్నంతా "నూనె" అంటున్నామే, ఆ మాటలో ఉన్నది నువ్వే. నూ అంటే నువ్వు, నెయ్ అంటే నెయ్యి. నువ్వుల నెయ్యి నూనె అయింది. తలుపు కీలుకి నాలుగు చుక్కలు నూనె వేస్తే తెరుచుకుంటుందని కదా మనకి తెలిసిన మంత్రం.

కథలో ఆలీబాబా అన్న కాశిం ఉన్నాడు చూశారూ, అతని పాత్రే నాకు ఎప్పుడూ బాగా గుర్తుంటుంది. మంత్రం చదివి గుహలోకి వెళతాడు. బంగారం చూసిన మైకంలో ఆ గింజ పేరు మరిచిపోతాడు. "బార్లీ, తెరుచుకో" అంటాడు. ఇంకేవేవో ధాన్యాల పేర్లన్నీ అంటాడు. ఒక్క నువ్వులు తప్ప! బండ కదలదు. దొంగలొచ్చి నరికేస్తారు. గింజ పేరు మరిచిపోయినవాడికి పడిన శిక్ష అది. ఈ ముక్క గుర్తుంచుకోండి, నాకు మళ్ళీ పని ఉంది దీనితో.

సినిమా పిచ్చి ముదిరి నేను మద్రాసు చేరాను. ఒక స్టూడియో గేటు ముందు నాలుగు నెలలు నిలబడ్డాను. గేటుకీపరు నన్ను చూసి చూసి, పలకరించడం మొదలుపెట్టాడు గాని లోపలికి మాత్రం వదల్లేదు. చివరికి మా మేనమామ ఎవరినో పట్టుకుని సంపాదించిన ఒక సిఫార్సు ఉత్తరం నా ఓపెన్ సెసేమ్ అయింది. అసిస్టెంటు డైరెక్టర్లలో ఆఖరివాణ్ణి. అంటే క్లాపు కొట్టడం, కంటిన్యుటీ రాయడం, హీరోయిన్‌కి గొడుగు పట్టడం, తిట్లు తినడం. తారలు మీకిచ్చే ఇంటర్వ్యూల్లో "నా జీవితం తెరిచిన పుస్తకం" అంటుంటారే, ఆ పుస్తకంలో కొన్ని పేజీలు అంటించి ఉంటాయని తెలుసుకున్నదీ అక్కడే. నా పుస్తకంలో అంటించిన పేజీ ఒకటి ఇవాళ విప్పుతున్నాను.

1986 నవంబరు. అరకులో అవుట్ డోరు. సినిమా పేరూ, మనుషుల పేర్లూ ఎందుకులెండి, రెండు వారాలు ఆడి పోయిన బొమ్మ. యూనిటు బస్సు శృంగవరపుకోట మీదుగానే ఘాటు రోడ్డెక్కింది. మా ఇంటి వీధి చివర్నించి పోతూంటే కిటికీలోంచి తల బయటపెట్టి చూశాను, నన్నెవరైనా చూస్తారేమోనని. ఎవరూ చూడలేదు. చిన్నప్పట్నుంచీ మా పెరట్లో నిలబడి చూసిన నీలం కొండలు ఇవి. వాటి వెనకేముందో చూడటానికి మద్రాసు వెళ్ళి తిరిగి రావలసి వచ్చింది నాకు.

అనంతగిరి కాఫీ తోటలు దాటి, అరకు లోయలోకి దిగేసరికి కొండల నడుమ ఎటు చూసినా పసుపు. ఎవరో పనిగట్టుకుని పసుపు ముద్దలు చల్లినట్టు, వాలు చేలన్నీ పూలు. మా డైరెక్టరుగారు బస్సు ఆపించి, రెండు చేతులూ చట్రంలా పట్టుకుని అందులోంచి చూసి, "పాట ఇక్కడే" అన్నారు.

మర్నాడు తెల్లవారి మంచు విడకముందే యూనిటు దిగింది. పదహారుమంది డాన్సర్లు, ట్రాలీ పట్టాలు, రిఫ్లెక్టర్లు, జనరేటరు. ఆ చేను ఎవరిదని నేను ప్రొడక్షన్ మేనేజరుగారిని అడిగాను. అడిగానన్నది నిజం. ఒక్కసారి అడిగానన్నదీ నిజం.

"ఎవరిదేమిటయ్యా, అడవి పూలివి! వీటికి యజమాని కూడానా?" అన్నాడాయన.

నేను నవ్వి ఊరుకున్నాను. చేను మధ్యకి పలకలు పరిచి ట్రాలీ వేశారు. పూలనిండా తేనెటీగలు. డాన్సరు పిల్లలు కెవ్వుమంటే ఎండుటాకులు పోగేసి పొగ పెట్టించారు. పొగ పెట్టించింది నేనే. "ఓపెన్ సెసేమ్!" అని అరిచి మరీ మొదటి దారి చేనులోకి నేనే తొక్కాను. అందరూ నవ్వారు. నవ్వించినందుకు నాకు గర్వంగా ఉంది. మధ్యాహ్నం మూడింటికి పల్లవీ ఒక చరణమూ అయ్యాయి. చేను సంత జరిగిన మైదానంలా ఉంది.

పేకప్ చెప్పేవేళకి గట్టుమీద ఒక ముసలాయన, పక్కన నడివయసు ఆడమనిషి, చంకలో పిల్ల. ఎప్పుడొచ్చారో తెలీదు. అరవలేదు, అడ్డుపడలేదు. ఊరికే నిలబడి చూస్తున్నారు. మేనేజరుగారికి అప్పటికి అనుమానం వచ్చింది కాబోలు, నా చేతిలో రెండు వందల రూపాయలు పెట్టి, "పోయి సెటిల్ చెయ్యి" అన్నాడు. అక్కడ ఎక్కువగా మాట్లాడేది ఆదివాసీ ఒరియా. ఊళ్ళో పనిచేసే స్కూలు మాష్టారొకాయన షూటింగు చూడ్డానికి వచ్చి ఉంటే ఆయన్ని తోడు తీసుకెళ్ళాను. కాని ముసలాయనకి తెలుగు వచ్చును.

"ఇది చేనా తాతా?" అన్నాను. అంతకంటే పనికిమాలిన ప్రశ్న నా జన్మలో వెయ్యలేదు.

"వలిసెలు బాబూ," అన్నాడు.

డబ్బు చాపాను. తీసుకోలేదు. మాష్టారు నాకు విడమరిచి చెప్పారు. వలిసెలంటే నువ్వుల్లాగే నూనె గింజ. వర్షాకాలం మధ్యలో చల్లుతారు, చలి మొదలయ్యేసరికి పూస్తుంది, ఆ తర్వాత కోత. ఆ ఇంటికి వంట నూనె అదే, మిగిలితే సంతలో అమ్మకం. ఇంకో మాట కూడా అన్నారాయన. తేనెటీగ వాలకపోతే ఈ పూవు గింజ కట్టదండీ, మీరు తొక్కనిచోట కూడా పొగ పెట్టారే, అని. నేను తల దించుకున్నాను.

ముసలాయన చివరికి అన్నది ఇంతే. "పువ్వులు కావాలంటే ఒకపాలి అడగాల గదా బాబూ. అడిగితే కాదంటామేటి? ఆ గట్టుమీంచి తీసుకునీవోలు."

చంకలో పిల్ల మా హీరోయిన్ ముఖమల్ చీర కేసి చూస్తోంది. నేను డబ్బు మాష్టారి చేతిలో పెట్టి వచ్చేశాను. ఆయన ఆ తాతకి ఎలా ఇచ్చారో, ఆయన పుచ్చుకున్నాడో లేదో అడగలేదు. కారులో ఇడ్లీ తింటున్న మేనేజరుగారు "అయిపోయిందా?" అన్నాడు. "అయిపోయిందండీ" అన్నాను.

ఆ రాత్రి నిద్ర పట్టలేదంటే అబద్ధం. పదిహేను గంటల పని చేసినవాడికి రాయిమీదైనా పడుతుంది. కాని తెల్లవారుజామున మెలకువ వచ్చి కాశిం గుర్తొచ్చాడు. పాపం అతను గింజ పేరు మరిచిపోయాడు. మేం అసలు తెలుసుకోనే లేదు. అరవైమందిమి, ఒక్కడికీ ఆ పూవు పేరు తెలీదు. మా వీపున ఉన్న కొండమీద పండే గింజ, మా ఊరి సంతలోనే అమ్మే గింజ. నాకైనా తెలిసి ఉండవలసింది.

మర్నాడు షూటింగు లేదు. నలుగురం కలిసి బొర్రా గుహలకి వెళ్ళాం. మీరిప్పుడు చూసే రంగురంగుల దీపాలు మేం చూళ్ళేదు, ఊరి కుర్రాడొకడు కాగడా పట్టుకుని ముందు నడిచాడు. లోపల అడుగుపెట్టగానే, నిజం చెబుతున్నాను, మా ఆర్టు డైరెక్టరు నోట మాట రాలేదు. జీవితమంతా ప్లాస్టరుతో, గోనెగుడ్డతో గుహలు కట్టినవాడు. పైనుంచి వేలాడే రాతి ఊడలు, కిందనుంచి లేచే రాతి మొలకలు, కొన్నిచోట్ల రెండూ కలిసి స్తంభాలు. వాన నీరు గాలిలోంచీ మట్టిలోంచీ కాస్త బొగ్గుపులుసు గాలి పట్టుకుని, సున్నపురాతిని కొంచెం కొంచెంగా కరిగించి, చుక్క చుక్కగా దించి మళ్ళీ రాయి చేసిన పని అది. వేల ఏళ్ళ కాల్షీటు! శివపార్వతులు, ముని గడ్డం, తల్లీ బిడ్డా, మొసలి అంటూ ఒక్కొక్క రాయికీ ఒక్కొక్క పేరు చెప్పాడు కుర్రాడు. గోస్థనీ నది ఇక్కడే పుట్టిందంటారు. భీమిలి దగ్గర సముద్రంలో కలిసే గోస్థని ఇదే.

నేను ఊరుకోలేక బయటికొస్తూ గుహ నోటి దగ్గర తిరిగి చూసి, కాస్త మెల్లిగానే, "ఓపెన్ సెసేమ్" అన్నాను. అలవాటు. కుర్రాడు "అంటే ఏటండీ?" అన్నాడు. "నువ్వూ, తెరుచుకో... అని" అన్నాను.

"నేనాండీ?" అన్నాడు వాడు!

మా హైస్కూలు గుర్తొచ్చి పడీ పడీ నవ్వాను. వాడికి ఆలీబాబా కథంతా చెప్పాను. శ్రద్ధగా విని, "మా గుహకి తలుపు లేదండి, ఎప్పుడూ తెరిచే ఉంటాది" అన్నాడు. తర్వాత వాళ్ళ కథ చెప్పాడు. ఒక ఆవు మేస్తూ మేస్తూ పైన ఉన్న కన్నంలోంచి లోపల పడిందట. కాపరి వెతుక్కుంటూ వచ్చి గుహనీ, అందులో శివుణ్ణీ చూశాడట. ఆవు బతికే ఉందట. అందుకే లోపల పూజలు, శివరాత్రికి జాతర.

ఇక్కడ ఒక చిన్న పేచీ పెడతాను. ఈ గుహల్ని 1807లో జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకి చెందిన విలియం కింగ్ అనే దొర "కనుగొన్నాడ"ని గైడ్లూ, పుస్తకాలూ ఒకటే పాట. ఆ సర్వే సంస్థ పుట్టిందే 1851లో! విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఉన్నమాట నిజమే, ఆయన పందొమ్మిదో శతాబ్దం రెండో సగంలో పనిచేసినవాడు. తారీఖు సంగతి అలా ఉంచండి. ఆ గుహల్లో పాత రాతియుగపు పనిముట్లు దొరికాయి. ఆంధ్రా యూనివర్సిటీ మానవశాస్త్రంవాళ్ళు బయటపెట్టిన సంగతి అది. వేల ఏళ్ళుగా మనుషులు మసలిన చోటుని ఒక దొర వచ్చి కనుగొనడమేమిటండీ? ఆవుని వెతుక్కుంటూ వచ్చిన కాపరి పేరు ఎవరూ రాసుకోలేదు. అలెప్పో కుర్రాడికైనా డైరీలో పేరు దక్కింది.

తలుపు లేని గుహ అన్నాడు కదా ఆ కుర్రాడు. తలుపు లేదు గాని, తాళంచెవి కోసం పెద్ద పేచీయే జరిగింది. ఇది సినిమా కథకి తీసిపోదు, వినండి.

బొర్రా చుట్టూ అడవిలో పద్నాలుగు ఊళ్ళు. అంతా షెడ్యూల్డ్ ప్రాంతం. అక్కడి రాళ్ళలో కాల్‌సైటు ఉంది. ప్రైవేటు కంపెనీలకి ప్రభుత్వం గనుల లీజులిచ్చింది. మన్యంలో భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదని 1959లోనే ఒక నిబంధన ఉంది. దాన్ని గట్టిపరుస్తూ 1970లో ఇంకొకటి వచ్చింది. కొండమీద చదువురానివాళ్ళు కూడా "వన్ సెవెంటీ" అంటారు దాన్ని. 1970 ఒకటో రెగ్యులేషను కాబట్టి. చూశారా, మేం కొట్టుగది ముందు మంత్రం చదివిన సినిమా, ఆ రెగ్యులేషను, రెండూ ఒకే ఏడాదివి! గిరిజనుడు గిరిజనేతరుడికి భూమి అమ్మకూడదు, అమ్మినా చెల్లదు. అక్కడ భూమి ఉన్న గిరిజనేతరుడు కూడా గిరిజనుడికే అమ్మాలి. అంతవరకూ స్పష్టమే. మరి ప్రభుత్వం తన భూమిని కంపెనీకి ఇవ్వవచ్చా? ప్రభుత్వం "వ్యక్తి" కాదు కదా, దానికి ఆ నిబంధన వర్తించదు కదా అన్నది వాదన.

"సమత" అనే స్వచ్ఛంద సంస్థ ఊళ్ళవాళ్ళ తరఫున కోర్టుకెక్కింది. హైకోర్టులో ఓడిపోయింది. సుప్రీంకోర్టుకి వెళ్ళింది. 1997 జూలై 11న తీర్పు. ముగ్గురు న్యాయమూర్తుల్లో జస్టిస్ రామస్వామి, జస్టిస్ సగీర్ అహ్మద్ ఒకవైపు, జస్టిస్ పట్నాయక్ వేరు అభిప్రాయం. మెజారిటీ తేల్చినదేమిటంటే, ప్రభుత్వం కూడా "వ్యక్తి" కిందికే వస్తుంది, షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమినైనా, అటవీ భూమినైనా గిరిజనేతరులకీ ప్రైవేటు కంపెనీలకీ గనులకోసం లీజుకివ్వకూడదు, ఇచ్చినవి చెల్లవు. ప్రభుత్వ సంస్థ గానీ, గిరిజనుల సహకార సంఘాలు గానీ తవ్వుకోవచ్చు. లాభంలో కనీసం ఇరవై శాతం అక్కడి జనం నీళ్ళకీ, బడులకీ, వైద్యానికీ, రోడ్లకీ పక్కన పెట్టాలి. దేశంలో ఎక్కడ ఏ గిరిజన ప్రాంతపు కేసు నడిచినా లాయర్లు ఇప్పటికీ "సమతా జడ్జిమెంట్" అని ఎత్తుతూనే ఉంటారు.

ఆ తీర్పు వార్త పేపర్లో చదివిన రోజు నేను మద్రాసులో ఒక డబ్బింగు థియేటర్లో ఉన్నాను. సినిమాల్లో దర్శకుణ్ణి కాలేదు నేను, డైలాగులకి ప్రాంప్టింగు చెప్పుకుంటూ బతికాను. ఆ వార్త పక్కనున్నవాడికి చదివి వినిపించాను. "అయితే ఏమిటి?" అన్నాడు. నిజమే, అతనికేం చెప్పను? కోర్టు పెద్ద మాటల్లో చెప్పినదాన్ని నాకు పదకొండేళ్ళ ముందే ఒక ముసలాయన గట్టుమీద నిలబడి చెప్పాడని చెప్పనా? చెప్పలేదు. అందరిలా సిగరెట్టు కాల్చుకోవడానికి బయటికెళ్ళాను.

2023 నవంబరులో మళ్ళీ వెళ్ళాను, కొత్తవలస-కిరండూల్ రైల్లో. ఈ లైను బైలదిల్లా ఇనుపరాయిని విశాఖ రేవుకి దింపడానికి వేసింది, మనుషులం కొసరు. 2017 నుంచీ అద్దాల పెట్టె కూడా తగిలించారు. యాభైకి పైగా సొరంగాలు. మీరెవరైనా ఆ రైలెక్కి ఉంటే మీకు తెలుసు, సొరంగం వచ్చినప్పుడల్లా పెట్టెలో కుర్రకారంతా ఒక్కసారి ఈలలూ కేకలూ. పళ్ళూడిన ముసలివాడు కూడా కేకేస్తాడు. నేనూ వేశాను. నోటికొచ్చిన కేక ఏమిటో మీరు ఊహించగలరు. ఎదుటి సీటు కాలేజీ పిల్ల "అంటే ఏంటంకుల్?" అంది. ఈసారి "నువ్వు" అని చెప్పడానికి జంకి, "ఆలీబాబా" అన్నాను.

అరకు ఇప్పుడు విశాఖ జిల్లా కాదు, 2022 ఏప్రిల్ నుంచీ అల్లూరి సీతారామరాజు జిల్లా. బొర్రా బయట బొంగులో చికెన్ కాలుస్తున్నారు. లోపల దీపాలు గుహకి మేకప్ ఎక్కువ వేసినట్టున్నాయి గాని, పిల్లలు సంతోషిస్తున్నారు, పోనీలెండి. నేను వెతుక్కుంటూ వెళ్ళింది మాత్రం ఆ చేనుకోసం. దొరకలేదు. ఆ వాలూ, ఆ మలుపూ అన్నీ ఒకేలా ఉన్నాయి. ఆ తాత పేరు అడిగి ఉంటే దొరికేదేమో. అడగలేదు కదా!

రోడ్డువార ఒక వలిసె చేను మాత్రం నిండుగా పూసి ఉంది. నాలుగు కార్లు ఆగి ఉన్నాయి. చేనుకి తాడు కట్టి ఉంది. గట్టుమీద ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని పదిహేను పదహారేళ్ళ పిల్ల, ఒళ్ళో స్కూలు పుస్తకం, పక్కన డబ్బులు వేసుకునే డబ్బా. ఫోటో దిగాలంటే తలకింత అని తీసుకుంటోంది. ముందు నిలబడ్డ కుర్రాడు "పూలకి కూడా టిక్కెట్టా?" అని గొణిగాడు. ఆ పిల్ల తలెత్తి, "పూలు కాదు సార్, వలిసెలు. ఇది మా చేను" అంది.

నేను డబ్బులిచ్చి, "లోపలికి వెళ్ళొచ్చామ్మా?" అని అడిగాను.

నన్ను ఎగాదిగా చూసింది. తాడు కాస్త ఎత్తి పట్టుకుంది.

"వెళ్ళండి తాతగారూ. చాలు మధ్యలోనే నడవండి, మొక్క తొక్కకండి. తేనెటీగలుంటాయి, చేతులాడించకండి, అవే పోతాయి."